బొమ్మలో చోటు

డిసెంబరు 3వ తేదీ వచ్చినదనిన మన పాఠశాలలలో చిత్రలేఖనపు పోటీలు జరుగుట పరిపాటియైనది. ఐక్యరాజ్యసమితి ఆ దినమును 1992లో వికలాంగుల దినముగా ప్రకటించినది. ఆనాడు పిల్లలకు కాగితములు, రంగులు పంచుదురు. "వికలాంగులను మనలో కలుపుకొందము" అను విషయమును నల్లబల్లపై వ్రాయుదురు. గంట గడచునప్పటికి బొమ్మలు సిద్ధమగును. వానిని గోడకు వరుసగా అంటించి నిదానముగా చూచినవారికి ఒక సంగతి తోచకపోదు. చాలవానిలో కాగితము నడుమ ఒక చక్రాల కుర్చీ యుండును. అందులో కూర్చున్నవానికి కనుముక్కు తీరు సరిగా కుదిరియుండదు. ప్రక్కన నిలిచిన బాలునికి మాత్రము చక్కని చొక్కాయి, నవ్వు మొగము, చాచిన చేయి అమరియుండును. ఎవరినిగూర్చి బొమ్మ వేయబడినదో వానికి ముఖము లేదు. దయ చూపువానికి కలదు.

పిల్లలను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. పసివాడు తాను చూచినదానికంటె తాను విన్నదానినే ముందుగా గీయును. సూర్యుడు రెండు కొండల నడుమనే ఉదయించునని అతనికెవరో చెప్పియున్నారు. తన ఊరిలో ఒక్క కొండయైన లేకున్నను అతడు రెండు కొండలు గీయును. వికలాంగుని బొమ్మయు అట్టిదే. అది అతడు కన్న మనిషి కాదు, పెద్దల నోట విన్న మాట. ఆ మాట ఎక్కడినుండి వచ్చినదో విచారించుట ఉపాధ్యాయుల బాధ్యత.

మన కథలలో, నాటకములలో, చలనచిత్రములలో వికలాంగుడు సాధారణముగా మూడు వేషములతో వచ్చును. మొదటిది నవ్వించు వేషము. నత్తివాని మాట, చెవిటివాని పెడసమాధానము హాస్యమునకు సులభమైన సరకులుగా చిరకాలమునుండి చెల్లుబాటగుచున్నవి. దుర్మార్గమునకు గుర్తుగా అంగవైకల్యమును వాడుటయు ఇట్టిదే. మంథర గూనిని ఆమె దుర్బుద్ధికి చిహ్నముగా చూచుట మనకు అలవాటైపోయినది. 1988లో ప్రసారము మొదలైన దూరదర్శన్ మహాభారతములో శకుని కుంటుచు నడచును; ఆ కుంటుతనము చూచినంతనే వాని కపటము తెలిసిపోవలయునని ఉద్దేశము. రెండవది జాలి వేషము: గుడి మెట్లకడ చేయి చాచినవాడు, కథానాయకుని ఔదార్యము వెల్లడియగుటకు మాత్రమే అక్కడ కూర్చుండబెట్టబడినవాడు. మూడవది అద్భుత వేషము. కన్ను లేదు గనుక లోపల దివ్యదృష్టి కలదనియు, కాలు లేదు గనుక కొండ నెక్కి తీరవలెననియు దీని వరుస.

ఈ మూడింటిలోను ఒక లోపము సమానము. పొరుగింటివాడుగా, తరగతిలో ప్రక్క బల్లమీద కూర్చున్నవాడుగా, కూర బాగుండలేదని విసుగుకొనువాడుగా, తగాదాలో ఒకప్పుడు తానే తప్పు చేసినవాడుగా వికలాంగుడు ఎక్కడను కానరాడు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు కలరు. ఇంతమంది జనము కథలో మూడు వేషములకే పరిమితమగుట కళకే లోటు.

అరణ్యపర్వములోని అష్టావక్రుని కథ ఈ సందర్భమున స్మరింపదగినది. ఎనిమిది వంకరల దేహముగల బాలుడు జనకుని యజ్ఞవాటికకు వచ్చును. ద్వారపాలకుడు అతనిని గుమ్మమువద్దనే ఆపును. అక్కడనే వాదించి, లోనికి పోయి, వంది యను పండితుని వాదములో గెలిచి, అతడు తన తండ్రిని తిరిగి పొందును. ఎంతటి ఘనమైన కథ! అయినను కథాంతమున సమంగా నదిలో స్నానము చేయుటతో ఆ బాలుని వంకరలన్నియు తీరిపోవును. గెలిచినవానిని వంకర దేహముతోనే ఇంటికి పంపుటకు కథకునికి మనసొప్పలేదు కాబోలు. ఆ నది వేలయేండ్లుగా మన కళలో ప్రవహించుచునే యున్నది. మన సినిమాలలో చివరి ఘట్టమున చూపు తిరిగివచ్చుట, కాళ్ళు నడచుట ఆ నదీస్నానమే. ఉన్నవానిని ఉన్నట్లుగా ఊరిలో నిలుపుటకు మన కళ ఇంకను సంకోచించుచున్నది.

పేర్ల విషయములోను కొంత ఆలోచింపవలసి యున్నది. 2015లో దివ్యాంగులను మాట దేశమున ప్రచారమునకు వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ విభిన్న ప్రతిభావంతులను మాటను స్వీకరించినది. పాత మాటలలోని తిరస్కారమును తొలగించవలెనను సదుద్దేశము వీనిలో కలదు. అయితే మూడు మెట్లెక్కి లోనికి రాలేనివానికి కొత్త పేరు ఒక్క మెట్టునైన తగ్గింపలేదు. ఏ పేరు తమకు సమ్మతమో ఆ మనుష్యులనే అడిగి వాడుట అన్నిటికంటె మర్యాద. ఈ వ్యాసమున వాడుకలోనున్న వికలాంగులను మాటనే గ్రహించితిని.

ఇక ఈ చర్చ దొనకొండ ప్రాంతములో మరింత బరువుగలది. దొనకొండ యనగానే కొందరికి గుంటూరునుండి నల్లమల మీదుగా పోవు రైలుమార్గము, కొందరికి బ్రిటిషువారి కాలపు విమానాశ్రయపు నేల జ్ఞప్తికి వచ్చును. ఆ చుట్టుపట్ల పల్లెలవారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది త్రాగునీరు. పశ్చిమ ప్రకాశమున అనేక గ్రామములలో భూగర్భజలమున ఫ్లోరైడు మెండుగా నున్నది. 1937లో షార్ట్ మున్నగు వైద్యపరిశోధకులు మనుష్యులలో ఫ్లోరోసిస్ వ్యాధిని మద్రాసు రాజధానిలో గుర్తించి లోకమునకు వెల్లడించినది నాటి నెల్లూరు జిల్లాయందే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆనాడు ఆ జిల్లాలోనివే; 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు చేరినవి. వ్యాధి పేరు వైద్యగ్రంథముల కెక్కి ఎనుబది యేండ్లు దాటినను, ఈ నేలపై దాని జాడ చెరిగిపోలేదు.

ఆ వ్యాధి నడక ఇట్టిది. రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరిగి బోరింగులగుండ పైకి వచ్చును. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. మించిన నీటిని పసితనమున త్రాగినచో, పాలపండ్లు ఊడిన పిదప వచ్చు పండ్లపై సుద్దవంటి తెల్లని పొరలు, గోధుమవన్నె మచ్చలు ఏర్పడును. ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు, కీళ్ళు బిగియును. మెడ త్రిప్పవలెననిన దేహమంతయు త్రిప్పవలసి వచ్చును. నడుము వంగిపోవును, కొందరికి మోకాళ్ళు వంకరపోవును. ఒకసారి బిగిసిన ఎముకను మరల మునుపటివలె చేయు మందు లేదు. నీరు మారినచో రాబోవు తరము దీనినుండి తప్పించుకొనును.

ఇట్టి ఊరిలో "మనము" అనియు "వికలాంగులు" అనియు గీత గీచి రెండు గుంపులు చేయుట ఎట్లు సాధ్యము? ఆ గీత ఇంటి నడుమనుండి పోవును. బొమ్మ వేయు బాలుని నాయనమ్మ గీతకు అవతల, బాలుడు ఇవతల నుందురు. నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొను బాలిక ఎటువైపున నున్నట్లు? వికలాంగులను కలుపుకొందమను మాటలో వారు బయటినుండి వచ్చినవారను భావమున్నది. వారు ఎన్నడును బయటివారు కారు. అరుగుమీద, మంచముమీద, వంటయింటిలో, మేకలవెంట నిత్యము మన నడుమనే యున్నారు. మన బొమ్మలలో మాత్రమే లేరు.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఎదురగును. ఫ్లోరైడు పీడిత గ్రామములనుగూర్చి పత్రికలలో ప్రకటితమైన ఛాయాచిత్రములు మనమందరము ఎరిగినవే: వంకర తిరిగిన కాళ్ళు, నేలపై ప్రాకు దేహములు. వానిని చూచి పాలకులు కదలిన సందర్భములు కలవు. "వ్యాధి వికారమును చూపనిచో మాకు మంచినీరు తెచ్చువారెవరు?" అని గ్రామస్థుడొకడు అడిగినచో, దానికి తేలికగా సమాధానము చెప్పరాదు. బాధను దాచుట వలన బోరింగు నీరు బాగుపడదు. పెండ్లి సంబంధములు చెడునని, ఊరికి అపకీర్తి యని దాచినందువలన కలిగిన నష్టమును ఆ పల్లెలే అనుభవించినవి.

కావున చూపవలసినదే. అయితే సాక్ష్యముగా చూపుటకును, మనిషిగా చూపుటకును భేదమున్నది. సాక్ష్యమునకు వంకర కాలు చాలును. మనిషి బొమ్మకు ఆ కాలితో అతడు ఎక్కడికి పోవుచున్నాడో కూడ కావలయును. మెడ త్రిప్పలేని తల్లి బియ్యము చెరుగుచు మనుమనికి లెక్కలు చెప్పుచుండును. ఆమె చేట, ఆమె మెడ, ప్రక్కన ఖాళీ బిందె, దూరమున బోరింగు — ఈ నాలుగును ఒక్క బొమ్మలో నున్నచో నీటి కథయు తెలియును, ఆమెయు మిగులును. చూచువాడు జాలితో కన్నులు త్రిప్పుకొనక, ఆ బిందె ఎందుకు ఖాళీగా నున్నదని అడుగును. మంచినీటికై పోరాడువారికి అట్టి ప్రశ్న ఎక్కువ బలము నిచ్చును. అన్నిటికంటె ముందు, బొమ్మ వేయుటకు ఆమె సమ్మతి యుండవలెను. వేసిన పిదప ఆమెకు చూపవలెను. ఆమె మార్చుమన్నచోట మార్చవలెను.

పాశ్చాత్యులకును ఈ చిక్కు తప్పలేదు. బ్రూగెల్ అను నెదర్లాండ్స్ చిత్రకారుడు 1568లో ఒకరి భుజము నొకరు పట్టుకొని పోవుచు గోతిలో పడు ఆరుగురు అంధులను చిత్రించెను. వారి కన్నులను ఎంత శ్రద్ధగా పరిశీలించి వ్రాసెననిన, ఎవరికి ఏ నేత్రవ్యాధి కలదో వైద్యులు తరువాతి కాలమున ఊహింపగలిగిరి. అంత చూచిన కళాకారుని పటములో వెనుక దేవాలయము, చెట్లు, నిర్మలమైన ఆకాశము ఉన్నవి. పడువానికి చేయి అందించు గ్రామస్థుడు లేడు. మనిషిని అతి సమీపమునుండి చూచుట యొకటి, అతనిని ఊరిలో చూచుట మరియొకటి.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు 1921లో పోలియో సోకి కాళ్ళ సత్తువ కోల్పోయెను. ఆయన చక్రాల కుర్చీలో నున్న ఛాయాచిత్రములు బహు స్వల్పము. అది ప్రజలకు కనబడకుండుటకే నాడు శ్రద్ధ వహించిరి. 1997లో వాషింగ్టనులో ఆయన స్మారకమును తెరచినపుడు, కూర్చున్న విగ్రహమునకు పెద్ద పై అంగీ కప్పి కుర్చీని ఇంచుమించుగా మరుగుపరచిరి. వికలాంగుల సంఘములు ఊరకొనలేదు. విరాళములు కూడబెట్టి పట్టుపట్టిరి. తత్ఫలితముగా 2001లో చక్రాల కుర్చీలో స్పష్టముగా కూర్చున్న మరియొక విగ్రహము స్మారకపు ముంగిట వెలసినది. దేశము నేలినవాని విషయములోనే విగ్రహములోని కుర్చీకై ఇంత ప్రయాస అవసరమైనదనిన, పల్లెటూరి మనిషి మాట చెప్పనేల?

విద్యార్థులు తప్పక తెలిసికొనవలసిన మరియొక బొమ్మ కలదు. ఆసుపత్రుల వద్ద, రైల్వే స్టేషనులలో నీలిరంగుపై తెల్లని చక్రాల కుర్చీ గుర్తు కనబడును. దానిని 1968లో గీచినది సుసానే కోఫోయెడ్ అను డెన్మార్కు దేశపు విద్యార్థిని. ఆమె గీచినది ఖాళీ కుర్చీ మాత్రమే. మరుసటి ఏట కార్ల్ మోంటన్ అను నతడు దానిపై గుండ్రని తలను చేర్చెను. ఆ చిన్న వృత్తముతో కుర్చీ మనిషియైనది. ఆ పిదప కాలములో అమెరికాలో కొందరు ఆ మనిషిని ముందుకు వంగి తన చక్రములను తానే త్రిప్పుకొనుచున్నట్లు తిరిగి గీచిరి. మొదట వస్తువు, తరువాత మనిషి, తరువాత కదలు మనిషి! మన పిల్లల బొమ్మలు ఇందులో ఏ మజిలీయందున్నవో చూచుకొనుట మంచిది.

తెలుగుదేశమున గర్వింపదగిన దృష్టాంతము విజయనగరమున కలదు. 1919లో విజయరామ గజపతిరాజు అక్కడ సంగీత కళాశాలను నెలకొల్పెను. సంస్థానోద్యోగి యొకరి అంధపుత్రునికి సంగీతముపై గల ఆసక్తియే అందుకు మూలమని చెప్పుదురు. రాజు తలచుకొన్నచో ఆ బాలునికి ఒక గురువును ఇంటికి పంపి ఊరకుండవచ్చును. అట్లు చేయక అందరికిని పాఠశాల తెరచెను. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. కంటిచూపు మందగించి బడిచదువు సాగని ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వాయులీనాచార్యుడై, 1936లో అధ్యక్షుడయ్యెను. ఘంటసాల, సుశీల అచ్చటి విద్యార్థులే. ఒక అంధబాలుని కొరకు తెరచిన తలుపుగుండ తెలుగు సంగీతమంతయు నడచిపోయినది. వికలాంగునికి చేసిన ఏర్పాటు వికలాంగునికి మాత్రమే ఉపయోగించుననుకొనువారు ఈ చరిత్రను ఒకసారి తలచుకొనవలయును.

చూపు లేనివానికి సంగీతము సరే, చిత్రకళ ఎట్లనువారికి శాంతినికేతనము సమాధానము చెప్పినది. వినోదబిహారీ ముఖర్జీ (1904–1980) పుట్టుకతోనే కంటి దౌర్బల్యము గలవాడు. ఒక కన్ను పనిచేయకున్నను చిత్రకారుడై, ఆచార్యుడై, గొప్ప కుడ్యచిత్రములు రచించెను. 1957 నాటికి చూపు పూర్తిగా పోయినది. ఆయన చేయి ఆగలేదు. కాగితములను కత్తిరించి బొమ్మలు కూర్చెను. 1972లో కళాభవనపు గోడకు పింగాణీ పలకలతో కుడ్యచిత్రమును సమకూర్చెను. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ ఆ సంవత్సరముననే ఆయనపై చలనచిత్రము నిర్మించెను. ఆయన కృతులను కళాప్రియులు అంధుని పని యని జాలితో మెచ్చుకొనుట లేదు; మంచి చిత్రములని మెచ్చుకొనుచున్నారు. మన పోటీలలోను కొలత అట్లే యుండవలెను.

ఇక మన బడులలో చేయదగినదేమి? ఇందుకు దూరము పోనక్కరలేదు. మార్కాపురపు పలకరాయి తెలుగు పిల్లలకు తరతరములుగా అక్షరములు దిద్దించినది. చదువునకు పనికిరాని పలకరాతి ముక్కపై మేకుతో గీత గీచినచో ఆ గీత వ్రేలికి తగులును. కంటితో చూచు బాలుడును, వ్రేలితో చూచు బాలుడును ఒక్క బొమ్మను చదువుకొనగలరు. అంధులు బ్రెయిలీ లిపిని వ్రాయు సాధనమునకు ఇంగ్లీషులోను పలక యను పేరే యుండుట విశేషము. అట్టపై జిగురుతో దారము అంటించినను, బంకమన్నుతో ఊరి పటము చేసినను ఇదే ఫలము. చిత్రలేఖనపు గంటలో అంధబాలుని వరండాలో కూర్చుండబెట్టుట అప్పుడు మానవచ్చును.

మరికొన్ని చిన్న నియమములు చాలును. చక్రాల కుర్చీ అను విషయమునకు బదులు "మా ఊరి తిరునాళ్ళ", "మా వీధి పంపు", "మా బడి మధ్యాహ్న భోజనము" అని విషయములు ఇచ్చి, అందులో ఊరివారిలో ఒక్కరినైన వదలకుండ గీయుమని చెప్పవలెను. అప్పుడు ఊతకర్ర గల తాత దానంతట తానే బొమ్మలోనికి వచ్చును. వచ్చి, ఏదో ఒక పనిలో నుండును. వికలాంగులైన విద్యార్థులకు వేరుగా బహుమతులు పెట్టక, అందరితోపాటు బొమ్మ వేయించి, అందరితోపాటు తప్పులు దిద్దవలెను. న్యాయనిర్ణేతలలో ఆ ఊరి వికలాంగుడొకడు కూర్చుండవలెను. బొమ్మలను నిలువుటెత్తున కట్టక, కుర్చీలో కూర్చున్నవానికి అందునంత ఎత్తున కట్టవలెను.

"బొమ్మలు వేసినంతమాత్రమున వాలుదారి కట్టబడునా? నీరు మంచిదగునా?" అని ఆక్షేపించువారుందురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. తోటి పిల్లలతో కలిసి చదువుకొను హక్కును చెప్పినది. చట్టమే యుండగా చిత్రమెందుకని వారి ప్రశ్న. చట్టము కాగితముపై నుండగా గుమ్మమువద్ద మెట్లు అట్లే యుండుట మనము చూచుచున్నదే. మెట్లు కట్టిన మేస్త్రీకి వికలాంగులపై ద్వేషము లేదు. అతడు మనసులో ఊహించుకొన్న ఊరిలో మెట్లెక్కలేనివాడు లేడు, అంతియే. నేడు పలకపై ఊరిని గీయు బాలుడే రేపు బడిని కట్టు మేస్త్రీయగును, నీటి పథకమునకు అంచనా వేయు ఇంజనీరగును, పంచాయతీ సభ్యుడగును. వాని ఊహలోని ఊరిలో ఎవరెవరు నివసించుచున్నారన్నది చిన్న విషయము కాదు. ఆ ఊహను తీర్చు పని చిత్రలేఖనపు గంటలోనే మొదలుకావలెను.

ఈ సంవత్సరము పోటీ జరుపు ఉపాధ్యాయులకు మనవి యొక్కటే. బహుమతులు నిర్ణయించుటకు ముందు ప్రతి బొమ్మను చేతబట్టి, ఇందులోని వికలాంగుడు ఏమి పని చేయుచున్నాడని బాలుని అడుగుడు. అతడు సమాధానము చెప్పలేకపోయినచో కోపింపక, కాగితమును అతనికి తిరిగి ఇచ్చి, ఇంటికి పోయి ఆ మనిషినే అడిగి రమ్మనుడు. ఆ సాయంకాలము ఆ బాలుడు ఏదో యొక అరుగుపై కూర్చుండి ఒక పెద్దమనిషితో మాటలాడును. పోటీ ఆశించిన ఫలము అక్కడనే కొంత చేకూరును.